అన్నకు గుండె కండరం మందం: ఇంట్లో అందరం జన్యు పరీక్ష చేయించుకోవాలా?

మాది ఒంగోలు వైపు, పొదిలి దగ్గర పల్లె. మా నాన్న 44 ఏళ్లకే పొగాకు బ్యారన్ (ఆకు ఆరబెట్టే కొట్టు) పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తూ కూలిపోయారు. పండించడమే గానీ ఏనాడూ బీడీ ముట్టిన మనిషి కాదు. పోయిన నెల అన్నకు ఆయాసం వస్తే ఎకో (గుండె స్కాన్) తీసి హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి, అంటే గుండె కండరం మందమయ్యే జబ్బు అని రాశారు. "వంశంలో వస్తుంది, మిగతావాళ్లూ చూపించుకోండి" అని డాక్టరు గారు ఒక్క ముక్క చెప్పి తర్వాతి పేషెంటును పిలిచారు.

వెతికితే హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త తంగరాజ్ గారి బృందం 2009లో ప్రచురించిన పరిశోధన కనిపించింది. ఎంవైబీపీసీ3 జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు ఊడిపోయి ఉండటం దక్షిణాసియా వాళ్లలో సుమారు 4 శాతం మందిలో ఉందట, దానితో గుండె కండర జబ్బు ముప్పు పెరుగుతుందట. మరి ఎక్కువగా యూరప్ వాళ్ల డేటాతో తయారైన ప్యానెల్ టెస్టులో (ఒకేసారి చాలా జన్యువులు చూసే పరీక్ష) ఇది పట్టుబడుతుందా?

అమ్మానాన్నలది మేనరికం, అదొక టెన్షన్. అమ్మేమో "ఊళ్లో తెలిస్తే చెల్లికి సంబంధాలు రావు, ఊరుకో" అంటోంది.

ఎవరైనా చేయించుకున్నారా? ముందు అన్నకే చేయించాలా? నా పిల్లలకు 9, 6 ఏళ్లు, వాళ్లకు ఎన్నేళ్లకోసారి ఎకో తీయించాలి? ఒంగోలులోనో నెల్లూరులోనో రక్తం ఇస్తే సరిపోతుందా, హైదరాబాద్ వెళ్లాలా?