కొలోన్ కార్నివాల్‌కి మొదటిసారి: వేషం వేయాలా, చూసి రావాలా?

అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి జర్మనీలోని కొలోన్ నగరానికి వచ్చి నాలుగు నెలలైంది. గురువారం మా ఆఫీసు మధ్యాహ్నానికే మూసేస్తారట, మంగళవారం దాకా ఊరంతా పండుగేనట. ఒక్కడినే వెళ్లవచ్చా? మామూలు బట్టల్లో వెళ్తే బాగుండదా? మద్యం, మాంసం ముట్టను.

— కొలోన్‌లో పదకొండేళ్లుగా ఉన్న ఒక అక్క:
తమ్ముడూ, వేషం వేసుకునే వెళ్లు. మొదటి ఏడాది నేను నల్ల కోటులో వెళ్లి, పిలవని పేరంటానికి వచ్చినదానిలా గోడవారగా నిలబడి వచ్చేశాను. ఎవరూ ఏమీ అనలేదు, పలకరించనూ లేదు. మరుసటి ఏడు ముక్కుకి ఎర్ర బంతి తగిలించుకున్నాను, అంతే! ట్రాములో ఎదుట కూర్చున్న పెద్దావిడ తన తేనెటీగ రెక్కలు సర్దుకుంటూ కబుర్లలోకి దిగింది. ఖరీదైనదేమీ కొనకు. చలికాలం కాబట్టి వేషం ఒక సైజు పెద్దది తీసుకుని లోపల స్వెటర్ వేసుకో.

గురువారం ఆడవాళ్ల రోజు. ఉదయం 11:11కి మొదలవుతుంది. కత్తెరలు పట్టుకుని మగవాళ్ల టైలు కత్తిరిస్తారు. తెలియక పెళ్లినాటి టై కట్టుకెళ్లిన మావారి ముఖం నాకింకా గుర్తే. టై పోయినందుకు బుగ్గ మీద చిన్న ముద్దు దక్కుతుంది, దాన్ని బ్యూట్స్యే అంటారు. ఇష్టం లేకపోతే నవ్వి తల అడ్డంగా ఊపు. నువ్వు మాత్రం అడగకుండా ఎవరినీ తాకకు. కుర్రకారు కిక్కిరిసే త్సుల్పిషర్ వీధికి ఒంటరిగా వద్దు. పొద్దుగూకేసరికి అక్కడ మిగిలేది తాగుడు, తోపులాట.

— ఇద్దరు పిల్లల తండ్రి:
అక్కగారు ఆదివారం సంగతి వదిలేశారు. బడులవాళ్లు, పేటలవాళ్లు సొంతంగా తీసే ఊరేగింపు అది. నాకైతే సోమవారం పెద్ద ఊరేగింపు కన్నా ఇదే ఇష్టం. పెద్దది మొదట 1823లో బయలుదేరింది. నాయకులను ఎగతాళి చేసే శకటాలతో గంటల తరబడి సాగుతుంది. అందులో యువరాజు, రైతు, కన్య ముఖ్యులు. ఆ కన్య వేషం ఆనవాయితీగా మగవాడిదే. తిరుపతి గంగమ్మ జాతర చూసినవాళ్లకు అదేమీ వింత కాదు.

‘కమెల్లె!’ అని గొంతెత్తి అరవండి, మిఠాయిలు వచ్చి పడతాయి. గొడుగు తిరగేసి పట్టే ఘనులూ ఉన్నారు. సాగే జెల్లీ బిళ్లల్లో చాలావాటిలో జంతువుల జెలటిన్ ఉంటుంది, చదివి తినండి. తాగనంటే ఎవరూ బలవంతపెట్టరు. తాగే మిత్రులు వెంట ఉంటే చెప్పండి: ఇక్కడ ఖాళీ గ్లాసు కనిపిస్తే అడగకుండానే ఇంకోటి పెడతారు. గ్లాసు కింద ఉండే అట్టను తీసి దాని మీద పెడితేనే ఆపుతారు.

— డ్యూసెల్‌డార్ఫ్ నుంచి:
కొలోన్‌లో నేర్చుకున్న పండుగ కేక ‘అలాఫ్’ మా ఊరికి తీసుకురాకండి. ఇక్కడ ‘హెలావ్’ అనాలి. ఈ విషయంలో రెండు ఊళ్లకూ పరిహాసాలు చెల్లవు.

— మళ్లీ అక్క:
మంగళవారం రాత్రి దాకా ఉండు. బీరు దుకాణాల గుమ్మాల పైన వేలాడే గడ్డిబొమ్మ పేరు నుబ్బెల్. పండుగలో అందరూ చేసిన తప్పులన్నీ దాని నెత్తిన రుద్ది, దొంగ ఏడుపులు ఏడుస్తూ తగలబెడతారు. మన నరకాసురుడి కోసం ఏడ్చేవాళ్లు లేరు పాపం.

— అడిగినవాడు:
ధన్యవాదాలక్కా. పంచె, తలపాగా ఉన్నాయి. అవి వేషం కిందికి వస్తాయా?

— అక్క:
వస్తాయి. పంచె కింద రెండు జతల ఉన్ని పైజామాలు వేసుకో.