మోకాలు కొడితే కాలు ఎగరలేదు, కాల్షియం ఎక్కిస్తే ఎగిరింది: మధ్యలో ఏం జరిగింది?

రాత్రిడ్యూటీ_కర్నూలు:

నేను కర్నూల్లో లేబర్ వార్డు స్టాఫ్ నర్సుని. మొన్న రాత్రి ఆలూరు పక్క నుంచి ఒకామెను తీసుకొచ్చినారు. తొలి కాన్పు, కాళ్ళు రెండూ వాచిపోయి చెప్పులు కూడా పట్టలేదు, దావలోనే ఒకసారి ఫిట్స్ వచ్చిందంట. మెగ్‌సల్ఫ్ మొదలుపెట్టినాం, అదే ఫిట్స్ ఆపే మెగ్నీషియం సల్ఫేట్ మందు. నాలుగు గ్రాములు నరానికి నిదానంగా, ఆ పైన పిర్రకు ఐదు, ఈ పిర్రకు ఐదు. ఆ ఇంజక్షను నొప్పి పగోళ్ళకి కూడా వద్దు.

నాలుగు గంటలకోసారి ఇంకో ఐదు గ్రాములు. మందు ఒంట్లో ఎక్కువైందేమో అని వేసే ముందు మూడు చూడాల. ఊపిరి నిమిషానికి 16కి తగ్గకూడదు, యూరిన్ గంటకు 30 మి.లీ. అన్నా రావాల, మోకాలు కొడితే కాలు ఎగరాల. మా వార్డులో సుత్తి ఎప్పుడో మాయమైంది, స్టెతస్కోపు తలతోనే కొడతాం. మొదటి డోసు తర్వాత కాలు బాగానే ఎగిరింది. రెండో విడతకు పోయి కొట్టినా. కదల్లేదు. సరిగ్గా తగల్లేదేమో అని ఇంకో కాలు కొట్టినా. అదీ అంతే. సంచి ఎత్తి చూస్తే నాలుగు గంటలకు 60 మి.లీ. కూడా లేదు. డాక్టరమ్మను పిలిచినా, ఆమె వచ్చేలోపల ఊపిరి 13కి దిగింది. డోసు ఆపేసి, కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. పది నిమిషాల పాటు ఎక్కించమన్నారు. గోడ గడియారం చూసుకుంటా నేనే తోసినా. ఊపిరి కాసేపట్లోనే సర్దుకునింది, తెల్లారేసరికి కాలు మళ్ళా ఎగిరింది. తల్లీబిడ్డా బాగున్నారు.

నా డౌటు ఇది. మెగ్నీషియానికి విరుగుడు కాల్షియం అని బట్టీ పట్టినాం, సరే. నరం కొసలో కాల్షియం లోపలికొస్తే, కండరానికి కబురు చేర్చే రసాయనం నిండిన చిన్న తిత్తులు పగిలి, ఆ రసాయనం అసిటైల్‌కోలిన్ బయటపడుతుంది అని మా పుస్తకంలో ఒక్క లైను రాసి వదిలేసినారు. కాల్షియం ఏమన్నా పోయి తిత్తిని సూదిలెక్క గుచ్చుతుందా? అది వచ్చిందని తిత్తికి ఎట్ల తెలుస్తాది? తెలుగు మీడియం బైపీసీ దాన్ని, అర్థమయ్యేలా చెప్పండి.

బుడ్డలచేను:

అక్కా, ఒంట్లో కాల్షియం తక్కువైతేనే కదా ఇట్లయ్యేది. మా అవ్వకి మోకాళ్ళ నొప్పులకు రోజూ రాగిసంగటి పెడతాండాం, ఇప్పుడు గుడి మెట్లు కూడా ఎక్కుతాది.

పాతజువాలజీ_అనంతపురం:

తమ్ముడూ, సంగటి మానొద్దు, కానీ ఇక్కడ గొడవ అది కాదు. ఆమెకు జరిగింది కాల్షియం కరువు కాదు, కాల్షియం దూరే దారికి మెగ్నీషియం అడ్డం పడటం.

తల్లీ, ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైన వాణ్ణి. నీ ప్రశ్న ఒక్క విద్యార్థి కూడా అడగలేదు, అందుకే కాస్త పొడుగ్గా చెప్తా. ముందొక చిక్కు: నువ్వు సూది వేసిందీ నరమే, నేను చెప్పబోయేదీ నరమే. మన మాటలో రెండిటికీ ఒకటే పేరు. ఇక్కడ నుంచి నరం అంటే కబురు మోసే నాడి అనుకో.

తిత్తి పగలదు. ఆ మాట మనసులోంచి తీసేయి. దాని పొర నరం పొరతో కలిసిపోతుంది, నూనెబొట్టు నూనెబొట్టులో కలిసినట్టు. ఒక్కో తిత్తి అడ్డకొలత 40 నానోమీటర్లు. అయితే రెండు పొరలు ఊరికే కలవవు, వాటిని బలవంతాన దగ్గరకు లాగాలి. లాగేది మూడు ప్రోటీన్లు: తిత్తి మీద సినాప్టోబ్రెవిన్, నరం పొర వైపు సింటాక్సిన్, స్నాప్-25. మూడూ పేనిన పగ్గంలా చుట్టుకుంటూ తిత్తిని పొర దాకా ఈడుస్తాయి. బలమంతా ఈ పేటల్లోనే ఉంది. కాల్షియానికి లాగే బలం లేదు.

కదిరి తేరు చూసినావా? పగ్గాలు పట్టుకుని వందల మంది బిగలాగి ఉంటారు, అయినా తేరు కదలదు. ఎందుకంటే చక్రం కింద చెక్క దిమ్మె ఉంటుంది. దాని పక్కనే ఒక మనిషి నిలబడి ఉంటాడు, సైగ రాగానే దిమ్మె తప్పిస్తాడు. సైగ కాల్షియం. ఆ మనిషి పేరు సినాప్టోటాగ్మిన్. నువ్వడిగింది ఇతని గురించే.

ఇతను తిత్తి పొరలోనే పాతుకుని ఉంటాడు. బయటికి చాచిన రెండు చేతులు, సీ2ఏ, సీ2బీ అంటారు. మొదటి చెయ్యి మూడు కాల్షియం అయాన్లను పట్టుకుంటుంది, రెండోది రెండింటిని. ఆ పట్టుకునే చోట ఆస్పార్టిక్ ఆమ్లాలు ఉంటాయి, వాటిది రుణావేశం. నరం పొరదీ రుణావేశమే, అందుకని కాల్షియం లేనప్పుడు ఇవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ధనావేశమున్న కాల్షియం వచ్చి కూర్చోగానే ఆ తోపు పోయి, చేతివేళ్ళు పొరలోకి దిగబడతాయి. దిమ్మె తప్పుకుంటుంది. దిమ్మె పాత్రలో కాంప్లెక్సిన్ అని ఇంకో చిన్న ప్రోటీన్ కూడా ఉంది. దిగబడిన తర్వాత పొరలు ఏ భంగిమలో కలుస్తాయి అన్నదాని మీద పరిశోధకులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు, మనం మధ్యలో దూరొద్దు.

ఈ మనిషిని 1990లో గుర్తించింది థామస్ సూదాఫ్ బృందం. 1994లో ఎలుకల్లో ఈ ప్రోటీన్ జీన్ తీసేసి చూశారు. పిల్లలు పుట్టి రెండు రోజులకే చనిపోయాయి. వాటి నరాల్లో చిత్రమేమిటంటే, విడుదల పూర్తిగా ఆగలేదు. కాల్షియం రాగానే తటాలున జరిగే భాగం పోయింది, తీరిగ్గా అక్కడొకటి ఇక్కడొకటి విడుదలయ్యేది మిగిలింది. అంటే తేరు లాగే జనం ఉన్నారు, సైగ వినే మనిషే లేడు. 2001లో ఇంకా గట్టి రుజువు వచ్చింది. ఆ ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మార్చి, కాల్షియం మీద దాని పట్టు సగానికి తగ్గిస్తే, కాల్షియానికి విడుదల స్పందించే గుణం కూడా దాదాపు సగమైంది. 2013లో రోత్‌మన్, షెక్‌మన్‌లతో పాటు సూదాఫ్‌కు నోబెల్ వచ్చింది. నీ పేషెంటు కాలి కండరం దగ్గర డ్యూటీ మాత్రం ఎక్కువగా ఇతని తమ్ముడిది, సినాప్టోటాగ్మిన్-2. పని అదే.

ఇప్పుడు నీ వార్డుకు వద్దాం. నరం లోపల కాల్షియం చాలా తక్కువ, బయట పదివేల రెట్లకు పైగా ఎక్కువ. కబురు వచ్చి నరం పొరలో ఉన్న కాల్షియం తలుపు తెరుచుకుంటే లోపలికి దూకుతుంది, తలుపు పక్కనే ఉన్న తిత్తికి మిల్లీసెకను లోపే సైగ అందుతుంది. మెగ్నీషియం ఆ తలుపు దగ్గర అడ్డం పడుతుంది. సినాప్టోటాగ్మిన్‌ను లేపడం దాని చేతకాదు.

మరి మొదటి డోసుకు ఎగిరిన కాలు, తర్వాత ఉన్నట్టుండి ఎందుకు ఆగింది? ఇదే నాకు నచ్చిన ముక్క. 1967లో డాడ్జ్, రహమిమోఫ్ కప్ప కండరం మీద లెక్క తీశారు. విడుదల కాల్షియంతో సమానంగా పెరగదు, నాలుగో ఘాతంతో పెరుగుతుంది. కాల్షియం సగమైతే విడుదల సగం కాదమ్మా, పదహారో వంతు. ఒక అయాన్ వచ్చి కూర్చుంటే చాలదు, కొన్ని కలిసి కూర్చోవాలి. మామూలుగా మన నరం అవసరానికి మించే విడుదల చేస్తుంది కాబట్టి మెగ్నీషియం కొంత తగ్గించినా కాలు ఎగురుతూనే ఉంటుంది. ఆ మిగులు అయిపోయిన గట్టు దగ్గర ఇంకాస్త తగ్గితే చాలు, దభీమని పడిపోతుంది. కిడ్నీ మెగ్నీషియాన్ని బయటికి పంపలేదు కాబట్టి నీ పేషెంటు ఆ గట్టు దాటింది. నువ్వు తోసిన 10 మి.లీ.లో అసలు కాల్షియం 93 మిల్లీగ్రాములే. అయినా లెక్క నాలుగో ఘాతం కదా, పైకి వచ్చేటప్పుడూ అంతే త్వరగా వస్తుంది.

ఇంకొకటి చెప్పకపోతే నిద్ర పట్టదు. 1954లో డెల్ కాస్టిలో, కాట్జ్ కప్ప నరాన్ని మెగ్నీషియంలో నానబెట్టి విడుదలను బాగా తగ్గించేశారు. అప్పుడు తేలింది, కబురు ధారలా రాదు, లెక్కపెట్టగల పొట్లాలుగా వస్తుందని. నువ్వు భయపడ్డ స్థితినే వాళ్ళు కావాలని చేసి ఆ పొట్లాలను లెక్కపెట్టారు.

సైరన్_అనంతపురం:

సార్, నేను అంబులెన్సులో టెక్నీషియన్ని. వానాకాలంలో చేనుకాడ కింద పండుకున్నోళ్ళని కట్లపాము కరిస్తే తెల్లారి రెప్పలు ఎత్తలేక, మింగలేక వస్తారు. గాటు కూడా కనపడదు. అదీ ఈ తిత్తుల గొడవే అని ఒక డాక్టర్ చెప్పినాడు. మరి వాళ్ళకీ కాల్షియం ఎక్కిస్తే?

పాతజువాలజీ_అనంతపురం:

మంచి ప్రశ్న, జవాబు మాత్రం కాదనే. చోటు ఒకటే, దెబ్బ వేరు. కట్లపాము విషం నరం కొసనే పాడు చేసి తిత్తుల నిల్వ ఖాళీ చేస్తుంది. తేరే లేనప్పుడు దిమ్మె తప్పించి ఏం లాభం? కొస మళ్ళీ పెరిగేదాకా వెంటిలేటరే ఊపిరి, దానికి రోజులు పడుతుంది. నాగుపాముది ఇంకో కథ, అది కండరం వైపున అసిటైల్‌కోలిన్ దిగే చోటును మూసేస్తుంది. ఇక బోటులినం విషం, అదే ముడతలకు వేసే బొటాక్స్, స్నాప్-25ను కోస్తుంది. మనిషి ఉన్నాడు, సైగ విన్నాడు, పగ్గం తెగిపోయింది.

రాత్రిడ్యూటీ_కర్నూలు:

సార్, రెండుసార్లు చదివినా. పదహారో వంతు దగ్గర ఆగిపోయినా. అంటే మోకాలు ఎగిరింది కదా, ఇంకా శానా టైముంది అనుకోవడానికి లేదన్నమాట. నేను ఆ రోజు మొదటి డోసు తర్వాత అట్లనే అనుకున్న్యా. ఇప్పటినుంచి మధ్యలో గంటకోసారి కూడా కొట్టి చూస్తా.

సుత్తి దొరికింది. దుప్పట్ల బీరువా వెనకాల పడి ఉండింది.