విమానదాడుల ఊహలను బాహాటంగా చర్చించవచ్చా?

పాతకాపు:
ఏదైనా విమాన దుర్ఘటన జరిగితే చాలు, ఉగ్రవాదులు ఇంకా ఏయే దారుల్లో రావచ్చో మేధావులంతా ఊహించి రాసేస్తారు. ఇది ఆపాలని నా వాదన. 'అందరికీ తెలిసిందే కదా' అన్న సాకు చెల్లదు. 2014లో ఒక అమెరికా పత్రిక విమానాశ్రయాల్లో సామాను తనిఖీపై కథనం వేస్తూ, ప్రయాణికుల పెట్టెల తాళాలు తెరవడానికి సిబ్బంది వాడే మాస్టర్ తాళంచెవుల ఫొటో అచ్చేసింది. చెవుల పళ్లు ఒక్కొక్కటీ స్పష్టంగా కనిపించాయి. మరుసటి ఏడాదికల్లా త్రీడీ ప్రింటర్‌తో వాటికి నకళ్లు తీసే నమూనాలు నెట్‌లోకి వచ్చేశాయి. విలేకరికి దురుద్దేశం ఉందని ఎవరూ అనలేదు. కానీ జరిగింది దొంగ చేతికి తాళాలివ్వడమే.

నిశిత:
పాతకాపు గారూ, దాచిపెట్టిన కథ కూడా ఒకటి వినండి. 1988 డిసెంబరు 5న హెల్సింకీలోని అమెరికా రాయబార కార్యాలయానికి ఫోన్ వచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి అమెరికా వెళ్లే పాన్ యామ్ (అమెరికా విమాన సంస్థ) విమానంలో రెండు వారాల్లోగా బాంబు పేలుతుందని. మాస్కోలోని రాయబార కార్యాలయం ఈ హెచ్చరికను తన నోటీసు బోర్డుపై పెట్టింది. టికెట్టు కొన్న మామూలు జనానికి ఎవరూ చెప్పలేదు. డిసెంబరు 21న పాన్ యామ్ 103 స్కాట్లాండ్‌లోని లాకర్బీ మీద పేలిపోయి 270 మంది చనిపోయారు. ఆ ఫోన్‌కూ పేలుడుకూ సంబంధం లేదని తర్వాత తేల్చారు, సరే. కానీ ఉద్యోగులకు చెప్పిన మాట ప్రయాణికులకు ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న అలాగే నిలిచింది. కొందరికి మాత్రమే హెచ్చరిక అందించే పద్ధతిని అడ్డుకుంటూ 1990లో అమెరికా చట్టమే చేయాల్సి వచ్చింది.

పాతకాపు:
హెచ్చరిక వేరు, ఉపాయం వేరు. నేను వద్దంటున్నది రెండోదాన్ని.

చంద్రిక:
ఆ గీత అంత తేలిగ్గా గీయలేం. 2001 దాడుల తర్వాత కాక్‌పిట్ తలుపులను బయటివాడు బద్దలు కొట్టలేనంత గట్టిగా చేశారు. లోపలివాడే గడియ పెడితే? 2013 నవంబరులో మొజాంబిక్ విమానంలో అదే జరిగింది. కో-పైలట్ బయటికి వెళ్లగానే కెప్టెన్ తలుపు బిగించి, కావాలనే విమానాన్ని కూల్చేశాడు, 33 మంది పోయారు. బయట ఎవరికీ పెద్దగా పట్టలేదు. పదహారు నెలలు గడిచాయి. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానంలో ఈసారి కెప్టెన్ బయట, కో-పైలట్ లోపల. తలుపు బాదుతున్న చప్పుడు రికార్డర్‌లో ఉంది. 150 మంది పోయారు. కాక్‌పిట్‌లో ఎప్పుడూ ఇద్దరుండాలని ఐరోపా భద్రతా సంస్థ సిఫారసు చేసింది ఆ తర్వాతే, అదీ మూడు రోజుల్లో. ఇవి ఉగ్రదాడులు కావు, ఒప్పుకుంటాను. కానీ 'తలుపుకు ఇలా ఒక లొసుగు ఉంది' అని 2013లోనే గట్టిగా అరిచి ఉంటే మీ లెక్కన అది ఉపాయం చెప్పడమేనా?

నిశిత:
అదీ నా మాట. 2015లోనే అమెరికాలో మారువేషంలో వెళ్లిన పరీక్షకులు నకిలీ బాంబులూ ఆయుధాలూ తీసుకెళ్తే, 70 పరీక్షల్లో 67 సార్లు తనిఖీ విఫలమైంది. ఆ సంఖ్య బయటికి పొక్కగానే తనిఖీలు చేసే సంస్థ తాత్కాలిక అధిపతిని పదవి నుంచి తప్పించారు. ఫైల్లోనే ఉండిపోయి ఉంటే ఆ కుర్చీ కదిలేదా? రహస్యం అన్నిసార్లూ ప్రయాణికుణ్ణే కాపాడదు, అధికారి పరువును కూడా కాపాడుతుంది.

పాతకాపు:
కుర్చీలు కదిలితే తనిఖీ మెరుగైపోతుందా? సరే, కంప్యూటర్ రంగంలో లోపం దొరికితే ముందు తయారీదారుకు చెప్పి, గడువు ఇచ్చి, తర్వాత బయటపెడతారు. ఆ పద్ధతైతే నాకు సమ్మతమే. కానీ సాఫ్ట్‌వేర్‌ను వారాల్లో సరిచేస్తారు. వేల విమానాల తలుపులు మార్చాలంటే ఏళ్లు పడుతుంది. ఆ గడువు ఎంతో ఎవరు తేలుస్తారు?

చంద్రిక:
లోపం ఉన్న సంస్థ మాత్రం కాకూడదు. దాని చేతికిస్తే గడువు ఎప్పటికీ తీరదు. ప్రమాదాలపై దర్యాప్తు చేసే స్వతంత్ర సంస్థలు ఇప్పటికే ఉన్నాయి, వాటికి అప్పగించండి. ఈలోగా లోపం ఉందన్న సంగతి జనానికి తెలియనివ్వండి. దాన్ని ఎలా వాడుకోవచ్చో చెప్పకపోతే చాలు.