అప్‌డేట్: సొంతంగా చేసిన వాటర్ బ్లాక్‌తో ప్రాసెసర్ వేడెక్కడం, కారణం దొరికింది

కాపర్ బేస్ మిల్లింగ్ చేసి అక్రిలిక్ మూత పెట్టిన వాటర్ బ్లాక్‌తో (ప్రాసెసర్ మీద కూర్చుని, లోపల పారే నీళ్లతో దాని వేడి లాగేసేది) ప్రాసెసర్‌కి బరువైన పని, అంటే లోడ్, పడగానే 90 డిగ్రీలు దాటేస్తోందని అడిగాను కదా, తేలిపోయిందండి. మూతకీ ఫిన్‌లకీ (వేడిని నీళ్లకి అందించడానికి బేస్‌లో ఉండే సన్నటి రేకులు) మధ్య సందు చూడమన్నవాళ్లకి చాలా థ్యాంక్స్, అదే. ఫిన్‌ల మీద కాస్త క్లే పెట్టి మూత బిగించి విప్పితే దాదాపు 1 మిల్లీమీటర్ మందాన అచ్చు పడింది, అంటే నీళ్లు ఫిన్‌ల మధ్యకి దిగకుండా పైనుంచే అవుట్‌లెట్‌కి పోతున్నాయన్నమాట. ఆ సందు నిండేలా సిలికోన్ షీట్ పెట్టి, ఇన్‌లెట్ కింద ఫిన్‌లకి అడ్డంగా సన్నటి చీలిక కోశా, ఇప్పుడు నీళ్లు మధ్యలో దిగి ఫిన్‌ల గుండానే రెండు పక్కలకీ పోవాలి, అదే లోడ్‌లో 70 దగ్గర ఆగుతోంది!

అంతకుముందు థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్‌కీ బ్లాక్‌కీ మధ్య రాసేది) మార్చినా, పంప్ స్పీడ్ పెంచినా తేడా ఏం రాలేదు. బేస్ కూడా ఫ్లాట్‌గానే ఉంది, గాజు పలక మీద సాండ్‌పేపర్ వేసి రుద్దితే గీతలు అంతటా సమానంగా పడ్డాయి.