సెప్టెంబర్ 17 కార్యక్రమం: బైరాన్‌పల్లి, పరకాల వీఆర్ గది – ఎవరి పని ఏంది

సమన్వయం (న్యూజెర్సీ):
అందరికీ నమస్తే. సెప్టెంబర్ 17, అంటే 1948ల హైదరాబాద్ రాజ్యం భారత్‌ల కలిసిన రోజు, జరిగే మన కార్యక్రమంల వీఆర్ గది (కండ్లకు హెడ్‌సెట్ పెట్టుకొని చుట్టూ చూసే వీడియో) పెడ్తమంటే కమిటీ సరే అన్నది. పెద్ద హాలు పక్క గది మనకిచ్చిన్రు. జనం మీద కాల్పులు జరిగిన బైరాన్‌పల్లి, పరకాల – ఈ రెండు ఊర్లే చేద్దాం, అప్పటి పెద్దమనుషుల మాటలు రికార్డు చేసి. రజాకార్ల (నిజాం పక్షాన ఉన్న సాయుధ దళం) కాలం మొత్తం ఎత్తుకుంటే ఏదీ తెమలది. విమోచనమా, విలీనమా అన్న పంచాయితీ మన గదిలకు రావొద్దు. బోర్డు మీద ఊరి పేరు, తారీఖు చాలు: పరకాల, 1947 సెప్టెంబర్ 2; బైరాన్‌పల్లి, 1948 ఆగస్టు 27. చనిపోయినోళ్ల లెక్క పుస్తకానికో తీరుగ ఉన్నది, అంకె వేయకండి. యూదుల సంహారంతోనో రువాండా మారణకాండతోనో పోలిక పెట్టుడు కూడ వద్దు. వాటి సాక్ష్యాలు దాచేటోళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది పని చేసే పద్ధతి.

షోవా ఫౌండేషన్ (యూదుల సంహారంల బతికి బయటపడ్డోళ్ల మాటలు రికార్డు చేసే సంస్థ) 1994ల మొదలై యాభై వేలకు పైగా వాంగ్మూలాలు దాచింది. 2017ల వచ్చిన వాళ్ల వీఆర్ చిత్రంల పింఖస్ గుట్టర్ అనే పెద్దమనిషి, తన అమ్మానాయిన, కవల చెల్లె చనిపోయిన మైదానెక్ నాజీ క్యాంపుల తిరుగుకుంట తనే చెప్తడు. నటులతోటి చేయించిన సీను ఒక్కటి లేదు. కాల్పులు యానిమేషన్ చేసిస్తమని ఇద్దరు ముందుకొచ్చిన్రు. మంచి మనసుతోనే అన్నరు గని, వద్దు.

యూత్ వింగ్:
అన్నా, వీడియోల ఉన్న తాతలను ప్రశ్న అడిగితే వాళ్లే జవాబు చెప్పేటట్టు ఏఐ తోటి చేయొచ్చు గదా?

రికార్డింగ్ (హనుమకొండ):
తమ్మి, షోవా వాళ్లు చేసిన ఆ పద్ధతిల ఒక్కొక్కరిని వెయ్యి దాకా ప్రశ్నలు ముందే అడిగి, జవాబులన్నీ రికార్డు చేసి పెట్టుకుంటరు. మిషను వాటిల సరిపోయేది వెతికి తీస్తది, కొత్త మాట పుట్టించది. 1948ల పదేండ్లున్నోళ్లకు ఇప్పుడు ఎనభై అయిదు దాటినయి. వాళ్లను వెయ్యి ప్రశ్నలు అడుగుడు అయ్యే పని గాదు. ఇరవై నిమిషాల చొప్పున మూడు కూర్చోబెట్టుడు, నడుమ ఛాయ్, మందుల టైము. పొద్దున పూటే.

ఇగ అసలు సంగతి. 360 కెమెరా (చుట్టూ అన్ని దిక్కులు ఒకేసారి తీసేది) ఒక్కటే పట్టుకొని పోదామంటున్నరు. 8కే వీడియో అంటే చుట్టూ కలిపి 7680 పిక్సెళ్లు. హెడ్‌సెట్‌ల ఎదురుంగ కనిపించే 90 డిగ్రీలకు వచ్చేది 1920 మాత్రమే. మీటరున్నర దూరంల కూర్చున్న అవ్వ ముఖం అందుల మసకగనే ఉంటది, కండ్లల్ల నీళ్లు కూడ కనిపించయి. అందుకే పక్కన మామూలు 4కే కెమెరా, కాలర్ మైకు తప్పనిసరి. రేపు దాచుకునే అసలు కాపీ అదే. 360ది గదికి వచ్చేటోళ్ల కోసం.

పెట్టే తీరు: 360 లెన్సు పెద్దమనిషి కండ్ల ఎత్తుకు ఉండాలె, కుర్చీల కూర్చుంటే దాదాపు 110 సెంటీమీటర్లు. ఎత్తుగ పెడితే చూసేటోనికి పై నుంచి చూసినట్టు అయితది. ముఖం ఒక లెన్సుకు ఎదురుంగనే ఉండాలె. రెండు లెన్సులు కలిసే గీత మీద పడితే చెవి తెగినట్టు వస్తది. అడిగేటోళ్లు కెమెరా వెనుకనే ఆనుకొని కూర్చోవాలె. పక్కకు కూర్చుంటే అవ్వ అటే చూస్తది, హెడ్‌సెట్ పెట్టుకున్నోళ్లకు మొహం తిప్పుకున్నట్టు ఉంటది.

అమెరికా నుంచి కెమెరా తెస్తున్నోళ్లు షట్టర్ 1/60 మీద పెట్టుకొని వస్తరు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ట్యూబులైటు కింద వీడియో నిండ నల్ల పట్టీలు పాకుతయి, తర్వాత తీసేసుడు కష్టం. 1/50 గాని 1/100 గాని పెట్టున్రి. ఫ్యాను బందు చేయాలె, ఆ హోరు మైకుల పడితే పోదు. ఫ్యాను లేకపోతే కెమెరా వేడెక్కి ఆగిపోతది, ఇరవై నిమిషాలకు ఆపుడు అందుకు కూడ. 8కే సెకనుకు 200 మెగాబిట్ల మీద గంటకు 90 జీబీ. 256 జీబీ కార్డులు రెండు, అవి వీ30వి (సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాసుకునేటియి) ఉండాలె. ఆ రాత్రే రెండు డిస్కులల్లకు ఎక్కించి, చెక్‌సమ్ (కాపీ అసలుతోటి సరిపోయిందా అని చూసే లెక్క) చూసినంకనే కార్డు తుడవాలె. ఒక డిస్కు హనుమకొండల ఉంటది, ఒకటి మీ తానికి వస్తది, మూడో కాపీ క్లౌడుల.

బైరాన్‌పల్లి బురుజు త్రీడీ మోడలుకు 250 నుంచి 300 ఫొటోలు. పక్కపక్క ఫొటోలు డెబ్బై శాతం కలవాలె, మూడు ఎత్తులల్ల చుట్టు తిరగాలె. మబ్బు పట్టిన పొద్దు మంచిది; ఎండల తీస్తే నీడ గోడకు అతుక్కొని వస్తది. ఎక్స్‌పోజర్ (వెలుతురు సెట్టింగు) మారకుండ లాక్ చేయున్రి. కొలత కోసం మీటరు కట్టె ఒకటి ఆనించి పెట్టున్రి. పై భాగం కింది నుంచి కనిపించది, అక్కడ మోడలుకు బొక్క పడ్తది. కట్టెకు ఫోను కట్టి తీయొచ్చు, డ్రోన్ పర్మిషన్ల చుట్టు తిరుగుడు వద్దు. పరకాలల అమరధామం (చనిపోయినోళ్ల స్మారకం) దగ్గర 360 ఒక్కటి సాలు.

సమ్మతి కాగితం చదివి వినిపించి, 'సరే' అన్నది కూడ కెమెరాల పట్టాలె. తర్వాత వద్దంటే తీసేస్తమని అండ్ల ఉండాలె. ఫలానోడు పట్టిచ్చిండని ఊరోళ్ల పేర్లు వస్తయి. వాళ్ల మనవలు అదే వాడల ఉంటరు. అసలు కాపీల ఉంచుదాం, హాలుల చూపించే దాంట్ల వద్దు.

హాల్ బాధ్యత:
నాలుగు క్వెస్ట్ 3 హెడ్‌సెట్లు. సినిమా ఆరు నిమిషాలు, తొడుగుడు, తుడుచుడు నాలుగు. గంటకు 24 మంది, అయిదు గంటలకు 120. టోకెన్లు అంతకు మించి ఇయ్యొద్దు. బ్యాటరీ రెండు గంటలే వస్తది కాబట్టి హెడ్‌సెట్‌కు ఒక పవర్‌బ్యాంకు. హాలు వైఫైని నమ్మొద్దు, ఫైళ్లు ముందే లోపల వేసుకోవాలె, అప్‌డేట్లు ముందు రోజే చేసి ఆపాలె. స్టేజీ ప్రోగ్రాంకు మన గది లైట్లు కూడ ఆర్పుతరు. చీకట్ల హెడ్‌సెట్‌కు జాడ దొరకది, బొమ్మ తేలిపోతది. స్విచ్ దగ్గర ఒక మనిషి ఉండాలె.

చక్రాలు లేని, తిరిగే కుర్చీలు కావాలె. డీజే పక్కనే, అందుకని చెవులు మూసే వైరు హెడ్‌ఫోన్లు. ఆడవాళ్లు పండుగ ముస్తాబుల వస్తరు: కుంకుమ, కాటుక స్పాంజికి అంటితే పోవు, సిలికాన్ కవర్లు ఎనిమిది తెప్పించండి. కొప్పు, పూలు ఉంటే వెనుక పట్టీ ఆగది, కొప్పు కిందికి దించి బిగించాలె. లెన్సుకు స్పిరిట్ తగలొద్దు, పొడి మైక్రోఫైబర్ బట్టనే. 13 ఏండ్ల లోపు పిల్లలకు ఈ గది లేదు. పెద్దోళ్లకు మెడ నొప్పి అంటే బయట టీవీల 4కేది చూపిద్దాం, నన్నడిగితే అదే మంచిగుంటది.

సబ్‌టైటిళ్లు:
ఇంగ్లిష్ అక్షరాలు ముఖం కింద, రెండు మీటర్ల దూరంల కనిపించాలె; 120 డిగ్రీలకొకటి చొప్పున మూడు చోట్ల. తెలుగుల రాసేటప్పుడు అవ్వ అన్న మాట అన్నట్టే రాయున్రి. 'గడి', 'దొర', 'వెట్టి' దిద్దొద్దు. పది నిమిషాల మాటకు రాసుడు, సరిచూసుడు కలిపి రెండు గంటలు పడ్తది. వరంగల్ యాస తెలిసినోళ్లు ఇంక ఇద్దరు కావాలె, ఆదివారం లోపు ఇక్కడనే పేరియ్యున్రి.