అంబాసిడర్ ముందు సస్పెన్షన్, బ్రేకులు విప్పేశా, కాస్త దారి చూపండి

అందరికీ నమస్తే, నాన్నగారి 1984 అంబాసిడర్ మార్క్ 4 ఉంది, బ్రేక్ కొడితే ఎడమకి లాగేస్తోంది పైగా ముందు ఎడమవైపు రెండంగుళాలు కిందకి దిగిపోయింది. విప్పి చూస్తే ఆ పక్క చక్రంలో బ్రేకుని నొక్కే వీల్ సిలిండర్ లీకై లైనింగ్ అంతా బ్రేక్ ఆయిల్‌తో తడిసిపోయింది, సస్పెన్షన్ కీళ్ల దగ్గరుండే రబ్బరు బుష్‌లైతే పిండే!

దీనికి ముందు కాయిల్ స్ప్రింగులుండవు కదా, టార్షన్ బార్లు (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు). బిగువు వదలకుండా విప్పితే తన్నుతుందని భయమేసి వాటి జోలికి పోలేదు. కుడి ఎడమ మార్చకూడదంటారు, నేను పెయింట్‌తో గుర్తు పెట్టుకున్నా, అది చాలా? ఎత్తు సరిచేయడం ఎలా? బ్రేక్ డ్రమ్ములు లేత్ మీద పట్టించనా, కొత్తవి వేయనా? మెకానిక్ డిస్క్ బ్రేకులు పెట్టించమంటున్నాడు, నాకు ఇష్టం లేదు. విజయవాడ ఆటోనగర్‌లో మంచి బుష్‌లు దొరికే చోటు తెలిస్తే చెప్పండి ప్లీజ్.