హైబ్రిడ్ కారు: ఏడాదిలో రెండో చిన్న బ్యాటరీ కూడా పడుకుంది, ఏటి చెయ్యాలి?

నాగావళి_గట్టు:
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం, నేను స్కూల్ టీచర్ని. బండి స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే ఇంజిన్‌తో పాటు పెద్ద బ్యాటరీ, మోటారు కూడా ఉండి, కాసేపు మోటారు మీదే నడిచే రకం. కంపెనీ పేరు చెప్పను, చెబితే ఆ బండివాళ్లూ ఈ బండివాళ్లూ ఇక్కడే కొట్టుకుంటారు, నా సంగతి పక్కకి పోతుంది. వేసవిలో ఒకరోజు పొద్దున్న బటన్ నొక్కితే డాష్‌బోర్డులో లైట్లన్నీ దీపావళిలా వెలిగి ఆరిపోయాయి, 'రెడీ' (బండి కదలడానికి సిద్ధం అనే గుర్తు) రాలేదు. 12 వోల్టుల చిన్న బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేయించాను. ఇప్పుడు అదీ అంతే, నాలుగు రోజులు బండి తీయకపోతే చచ్చిపోతోంది. వైజాగ్ పట్టుకెళ్తే లోపల కన్వర్టర్ అనే సామాను పోయుంటుంది, మారిస్తే లక్ష దాటుతుంది అన్నారు. మీటరు పెట్టి చూశారా అని అడిగితే సరిగ్గా జవాబు లేదు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. చార్జింగ్ ఎక్కట్లేదా, ఎక్కింది ఎక్కడికో కారిపోతోందా, ఇంట్లోనే తెలుసుకునే దారి ఉందా?

రాజాం_రోడ్డు:
ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీకి చార్జింగ్ ఎక్కించేది) బెల్టు చూపించు బావూ. మా పాత డీజిల్ బండికి ఇలాగే అయితే బెల్టు జారుతోందని తేలింది, చిల్లర ఖర్చుతో అయిపోయింది.

కోట_జంక్షన్:
స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి ఆల్టర్నేటరే ఉండదండీ, ఇక బెల్టు ఎక్కడ చూస్తారు. పెద్ద బ్యాటరీలోని ఎక్కువ వోల్టేజీని డీసీ-డీసీ కన్వర్టర్ అనే పెట్టె పద్నాలుగు వోల్టుల దరికి దించి చిన్న బ్యాటరీకి ఎక్కిస్తుంది. ఇంజిన్ తిప్పేది కూడా పెద్ద బ్యాటరీయే. చిన్నదాని పనల్లా కంప్యూటర్లని లేపి, పెద్ద బ్యాటరీ రిలేలు (స్విచ్చుల్లాంటివి) కలపడం. అందుకే మామూలు బండిలా సెల్ఫ్ మూలుగుతూ ముందుగా మనకి చెప్పదు, నిన్నటిదాకా బాగుండి ఇవాళ ఒక్కసారే బోర్లా పడుతుంది.

మాస్టారూ, లక్ష సంగతి తర్వాత, ముందు మూడు నాలుగు వందలు పెట్టి డిజిటల్ మల్టీమీటర్ కొనండి. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే, ఏమీ ఆన్ చెయ్యకుండా, బ్యాటరీ రెండు పోళ్ల మీద చూడండి. 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కిందకి వస్తే దాదాపు ఖాళీ. తర్వాత బండిని రెడీలో పెట్టి అదే చోట చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే కన్వర్టర్ పని చేస్తున్నట్టే. రెడీలో కూడా 12 దగ్గరే ఉండి ఇంకా దిగుతుంటే అప్పుడు కన్వర్టర్, దాని పెద్ద ఫ్యూజు, మధ్యలో వైర్లు అనుమానించాలి. నారింజ రంగు వైర్ల జోలికి మాత్రం ఎవరు చెప్పినా వెళ్లకండి, అవి ప్రాణం తీసే వోల్టేజీవి.

ఇంకోటి, బ్రేకు తొక్కకుండా బటన్ నొక్కి పాటలు వింటూ కూర్చుంటారు చాలామంది. అది ఆన్ మాత్రమే, రెడీ కాదు. అప్పుడు కన్వర్టర్ నిద్రలోనే ఉంటుంది, చిన్న బ్యాటరీ ఒక్కటే అన్నీ మోస్తుంది.

నాగావళి_గట్టు:
కొన్నాను, చూశాను. పొద్దున్న 11.9. రెడీలో పెట్టగానే 14.2, ఏసీ, హెడ్‌లైట్లు వేసినా 14.1. అంటే లక్ష తప్పినట్టేనా? పాటల సంగతి, మా నాన్నగారు అరసవల్లి గుడి బయట మేం వచ్చేదాకా కార్లో భక్తిగీతాలు పెట్టుకుని కూర్చుంటారు 😅 అది ఆపిస్తాను, కానీ వారానికి ఒక్కరోజే కదా.

కళింగపట్నం_గాలి:
కన్వర్టర్ తప్పు లేనట్టే. అయితే మన సముద్రం గాలికి ఎర్త్ కనెక్షన్ కూడా చూసుకోవాలి, నాకు తగిలిన దెబ్బ అదే. బ్యాటరీ నెగటివ్ వైరు బాడీకి బిగించిన బోల్టు కింద తెల్లగా, పచ్చగా బూజులాంటిది పట్టేసింది, డిక్కీ కార్పెట్ కింద ఉండబట్టి ఎవరి కంటా పడలేదు. రెడీలో లైట్లు, ఏసీ వేసి, మీటరు ఒక కొస నెగటివ్ పోల్ మీద, ఇంకో కొస బాడీ ఇనుము మీద (పెయింట్ లేనిచోట) పెట్టండి. 0.1 వోల్టు దాటితే ఆ బోల్టు ఊడదీసి గీకి మళ్లీ బిగించాల్సిందే.

నాగావళి_గట్టు:
0.02 వచ్చింది, బోల్టు శుభ్రంగానే ఉంది.

కోట_జంక్షన్:
అయితే చార్జింగ్ ఎక్కుతోంది, ఎవరో తాగేస్తున్నారు. ఇప్పుడు ఆంపియర్లు కొలవాలి. మన ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే క్లాంప్ మీటర్లు (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచేవి) చాలావాటికి ఇళ్లలో వచ్చే ఏసీ కరెంటే తెలుస్తుంది, బ్యాటరీది డీసీ, దానికి డీసీ క్లాంప్ కావాలి. అది దొరకకపోతే మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి నెగటివ్ వైరుకీ పోల్‌కీ మధ్యలో కలపండి, కానీ అలా ఉండగా పొరపాటున బటన్ నొక్కారా, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. బ్యాటరీ డిక్కీలో ఉంటే డిక్కీ తెరిచే ఉంచి, దాని లాక్‌ని స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు నొక్కేయండి, లేకపోతే బండి మెలకువగానే ఉంటుంది. బండి లాక్ చేసి, తాళం ఇంట్లో దూరంగా పెట్టి, అరగంట ఆగి చూడండి. 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల దాకా, అంటే మీటరులో 0.02 నుంచి 0.05 దాకా మామూలే. బయట ఫిట్ చేయించినవి ఏమైనా ఉన్నాయా?

నాగావళి_గట్టు:
0.34 ఆంపియర్లు!! డాష్‌క్యామ్ ఉంది, సంక్రాంతికి పెట్టించాను. పార్కింగ్‌లో కూడా రికార్డు అవుతుందని డైరెక్టుగా కలిపాడు కుర్రాడు. దాని ఫ్యూజు పీకితే 0.09కి దిగింది.

కోట_జంక్షన్:
దొరికాడు దొంగ. పావు ఆంపియరే కదా అనుకుంటాం, 0.25ని 24తో గుణించండి, రోజుకి 6 ఆంపియర్ అవర్లు. హైబ్రిడ్ల చిన్న బ్యాటరీలు సాధారణంగా 35, 45 మధ్యే ఉంటాయి. మీరు స్కూలుకి వెళ్లొచ్చే పది నిమిషాల్లో అది ఎప్పుడూ నిండలేదు, సగం నుంచే తాగడం మొదలు. కెమెరాని బండి ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే ఫ్యూజుకి మార్పించండి.

ఇన్నిసార్లు ఖాళీ అయింది కాబట్టి బ్యాటరీకి కొంత దెబ్బ తగిలే ఉంటుంది. ఏజీఎమ్ (లోపలి యాసిడ్‌ని గాజు పీచు పీల్చుకుని ఉంచే) రకం అయితే బ్యాటరీ షాపులో పెద్ద చార్జర్‌తో గంటలో ఎక్కించేస్తానంటే ఒప్పుకోకండి, నాలుగైదు ఆంపియర్లతో నిదానంగా ఎక్కించి, ఒక రాత్రి ఆగి, లోడ్ టెస్ట్ (గట్టిగా కరెంటు లాగి బ్యాటరీ తట్టుకుంటుందో చూడడం) చేయించండి. 0.09 కూడా కొంచెం ఎక్కువే. మీ తాళం ఎక్కడ ఉంది?

నాగావళి_గట్టు:
హాల్లో గోడకి మేకు ఉంది, దానికే. గోడ అవతల పోర్టికో, బండి ముక్కు సరిగ్గా అక్కడే 🙄

కళింగపట్నం_గాలి:
అదే అయ్యుంటుంది, స్మార్ట్ కీ దగ్గరలో ఉంటే కొన్ని బండ్లు దానితో మాటలాడుతూనే ఉంటాయి, నిద్రపోవు. వంటింటి వైపు పెట్టి మళ్లీ కొలవండి మాస్టారూ.

నాగావళి_గట్టు:
వంటింట్లో పోపుల పెట్టె పక్కన పెట్టి గంటాగి చూశాను. 0.03. కెమెరా కూడా మార్పించాను. బండి ఐదు రోజులు కదపలేదు, ఇవాళ పొద్దున్న 12.5. నాన్నగారికి బ్లూటూత్ స్పీకర్ కొన్నాను.

రాజాం_రోడ్డు:
బెల్టు లేని బండి కూడా ఉంటుందని ఇవాళే తెలిసింది 🙏